తెడ్డు కొలవని మేష్టారు

ముప్పై ఏళ్లకు పైగా మెడలో ఈల వేసుకుని తిరిగాను. ఫ్యాక్టరీలో వ్యాయామ శిక్షకుడంటే ఈల ఊదేవాడనే జనం అభిప్రాయం. ఊదినందుకు జీతం కూడా ఇస్తారా అని మా మావగారు పెళ్లిచూపుల్లోనే అడిగారు. ఇప్పుడు ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలు నన్ను వేరేది అడుగుతున్నారు. ఎన్ని కప్పులు గెలిపించారు, ఎంత బరువు ఎత్తించారు అని. కప్పుల సంగతి చెప్పను, అవి స్పోర్ట్సు గది అద్దాల బీరువాలో ఉన్నాయి. నా చేతిలో ఒక మనిషి నడుం ఎలా పోయిందో, ఎలా తిరిగొచ్చిందో చెబుతాను. నేను నేర్చుకున్నదంతా అందులోనే ఉంది.

పడవ

అరవైల చివర్లో పటాన్‌చెరు దగ్గర ఆ పెద్ద ఇంజనీరింగు కర్మాగారంలో చేరాను. అప్పటికి చుట్టూ జొన్నచేలే ఎక్కువ. క్వార్టర్లలో సగంమంది మా కోస్తా జిల్లాలవాళ్లు, షాపుల్లో బరువు పనులు చేసేవాళ్లలో చాలామంది చుట్టుపక్కల ఊళ్ల రైతు కుటుంబాలవాళ్లు. ఫ్యాక్టరీకి భూమి ఇచ్చిన ఇంటికి ఒక ఉద్యోగం ఇచ్చారు.

మా పెద్దసారు మద్రాసు మనిషి. కాలేజీ రోజుల్లో పడవ పందేల్లో తెడ్డు వేశారట, ఆ సరదా వదల్లేదు. నగరంలో ఎవరో అమ్మేస్తున్న నలుగురి పడవను లారీలో వేయించి తెప్పించారు. నన్ను పిలిచి, మీది గోదావరి జిల్లా కదా, నగరంలో ఏటా జరిగే పందేనికి పడవ మీకు అప్పజెబుతున్నాను అన్నారు. మా ఊరికీ గోదావరికీ పదిహేను మైళ్లు. నాకు ఈత కూడా అంతంతమాత్రం. కానీ కొత్త ఉద్యోగం, పెద్దసారు నోటి మాట. సరేనండి అన్నాను. తెలియని పనికి తెలుసన్నట్టు తలూపడం ఈ వృత్తిలో మొదటి తప్పు. అది మొదటి నెలలోనే చేశాను.

పటేల్‌గూడ వైపు, అమీన్‌పూర్ చెరువు ఒడ్డున రేకుల షెడ్డు వేశాం. దానికి కాపలాగా పోచయ్యను పెట్టారు. మంజీర ఒడ్డు మనిషి, అప్పటికే యాభై దాటాడు. చిన్నప్పటినుంచి ఏట్లో పుట్టి, అంటే గుండ్రటి బుట్టపడవ, నడిపి, చేపలు పట్టి బతికినవాడు. ఒంట్లో ఎక్కడా కండ కనబడేది కాదు, ఎండిన బెండకాయలా ఉండేవాడు. నలుగురు కుర్రాళ్లు మోయలేక ఆయాసపడే పడవను ఒక్కడే నీళ్లలోకి జరిపేవాడు. ఎలా జరుపుతున్నాడని నేను అడగలేదు. కాపలావాణ్ణి అడిగేదేమిటనుకున్నాను.

తాలీంఖానా లెక్క

మనుషుల్ని ఎంచడం తేలికనుకున్నాను. పటాన్‌చెరు పాత ఊళ్లో కుస్తీలు నేర్పే ఒక తాలీంఖానా ఉండేది. ఎర్రమట్టి పరిచిన గది, గోడకి గదలు, ఒక ముసలి ఉస్తాదు. ఫ్యాక్టరీ కుర్రాళ్లు ఏడెనిమిదిమంది అక్కడ దండీలు, బైఠకులు తీసేవారు. వాళ్లలో అందరికంటే బలమైనవాడు యాదగిరి. ఫోర్జి షాపులో సుత్తి పని. పటేల్‌గూడలో వాళ్ల నాన్నకి ఉన్న పొలమంతా ఫ్యాక్టరీ గోడ లోపలికి పోతే, బదులుగా వచ్చిన ఉద్యోగం అది. పాతికేళ్లు ఉండవు. తక్కువ మాట్లాడేవాడు, ఎక్కువ ఎత్తేవాడు.

ఆ తాలీంఖానాలో ఒక కట్టుబాటు ఉంది. నిన్న ఎన్ని తీశావో ఇవాళ దానికి ఒకటి ఎక్కువ తీయాలి, లేదా అన్నే తీయాలి. తక్కువ తీయకూడదు. జ్వరమొచ్చినా, డబుల్ డ్యూటీ చేసి వచ్చినా లెక్క దిగకూడదు. దిగినవాడు మట్టికి దండం పెట్టి బయటికి పోవాల్సిందే. ఒళ్లు నొస్తోందనే మాట ఉస్తాదు ముందు ఎవడూ అనడు. నాకు ఆ నియమం తెగ నచ్చింది. క్రమశిక్షణ అంటే ఇదీ అనుకున్నాను. ఫోర్జి షాపులో తెగ్గొట్టిన ఇరుసు ముక్కలకి ఇనప చక్రాలు బిగించి బార్‌బెల్లు చేయించి, షెడ్డు దగ్గర నేను కూడా అదే లెక్క పెట్టాను. రోజుకొకటి ఎక్కువ.

ఇది బుర్రలేని లెక్క. ఉస్తాదు శిష్యులకి పాలూ బాదంపప్పూ నిద్రా ఉన్న రోజుల్లో పుట్టిన లెక్క అది. ఎనిమిది గంటలు ఎర్రగా కాలిన ఇనుము ముందు నిలబడి వచ్చినవాడికి అది పనికిరాదు. ఈ ముక్క అప్పుడు నాకు చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు, వాణ్ణి నేను కాపలావాడనే అనుకున్నాను.

పడవ ఎడమకు తిరిగేది

లారీలో వచ్చిన నాలుగు తెడ్లలో రెండు దారిలో విరిగాయి. ఒక్కోటీ పన్నెండు అడుగులు. వాటికి జతగా మరో రెండు చేయమని ప్యాటర్న్ షాపు సత్యనారాయణగారిని అడిగాను. ఆయనది కాకినాడ. పోత పోసే ఇనుప వస్తువులకి ముందుగా చెక్కతో నమూనాలు చేసే పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా చెక్క అవతల పడేసే మనిషి. పాత తెడ్డు కొలుచుకుని వెళ్లి వారంలో రెండు తెచ్చారు. అద్దంలా ఉన్నాయి. కొత్తవి గనక గౌరవంగా బలమైనవాళ్ల చేతికే ఇచ్చాను. యాదగిరి, అతని ముందు కూర్చునే తోటివాడు ఎడమవైపు. పాత తెడ్ల వాళ్లిద్దరూ కుడివైపు. చుక్కాని తాడు పట్టుకుని నేను వెనకాల.

మొదటి రోజునుంచే పడవ ఎడమకు తిరగడం మొదలెట్టింది. నేను తాడు బిగబట్టి ఉంచితే తప్ప తిన్నగా పోదు. పడవ ఎటు తిరిగితే అటువైపువాళ్లు తక్కువ తోస్తున్నట్టని పుస్తకంలో చదివాను. ఎడమవైపు అసలు బలం యాదగిరిదే గనక అతనే తక్కువ తోస్తున్నాడని తేల్చుకున్నాను. స్టోర్సునుంచి స్ప్రింగు త్రాసు తెచ్చి షెడ్డు దూలానికి కట్టి నలుగురిచేతా లాగించాను. యాదగిరి లాగినంత మిగతావాళ్లెవరూ లాగలేదు. అప్పుడైనా ఆలోచించాలి కదా. నేను ఆలోచించలేదు. ఒడ్డు మీద పులి, నీళ్ల మీద పిల్లి అని అందరిముందూ వేళాకోళం చేశాను.

ఒకరోజు అతనే వచ్చి, తలవంచుకుని, "గీ తెడ్డు జెర బరువు కొడ్తున్నది సారూ" అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడన్నాడట అన్నాను నేను. ఆ సామెత నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. మిగతా ముగ్గురూ నవ్వారు. అతను మళ్లీ తెడ్డు మాట ఎత్తలేదు. మర్నాటినుంచి బార్‌బెల్లుకి మరో ఇనప చక్రం తనంతట తనే బిగించుకున్నాడు. ఎడమ కుడిలు మార్చి కూర్చోబెట్టినా, కనీసం తెడ్లు మార్చినా పది నిమిషాల్లో అసలు సంగతి తేలేది. పందేనికి ఇంకా ఆరు వారాలే ఉంది, ఇప్పుడు మార్పులెందుకని ఊరుకున్నాను.

కొత్త తెడ్లు పట్టిన నాలుగో వారంలో ఒక ఉదయం అతను రాత్రి డ్యూటీ దిగి నేరుగా షెడ్డుకి వచ్చాడు. నాకు తెలుసు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. పంపెయ్యాల్సింది, పంపలేదు. లెక్క దిగకూడదు కదా. బార్‌బెల్లు నేలమీంచి ఎత్తుతూ మధ్యలో ఆగాడు, మొహం పాలిపోయింది, మెల్లగా కిందికి దించాడు. ఏమైందంటే ఏం లేదన్నాడు. పడవెక్కాడు. తెడ్డు వేశాడు కూడా. తిరిగి ఒడ్డుకొచ్చాక లేవలేకపోయాడు. పోచయ్యా నేనూ చెరో రెక్కా పట్టుకుని పైకి తీశాం. అంత మనిషి, పళ్లు కొరుక్కుంటున్నాడే గాని మూలగలేదు.

ఫ్యాక్టరీ డాక్టరు వెన్నుపూసల మధ్య డిస్కు జరిగిందన్నాడు. ఆరు నెలలు సుత్తి ముట్టకూడదు. ఆరు నెలల తర్వాత పరీక్ష చేస్తారు, అందులో వంగి బరువెత్తలేకపోతే ఫోర్జి షాపు ఉద్యోగానికి పనికిరాడని రాసేస్తారు. అలా రాసినవాళ్లని ఎక్కడ వేస్తారో, ఎంతకాలం ఉంచుతారో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు.

వాళ్లింటికి వెళ్లాను. యాదగిరి చెక్కబల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. వాళ్ల నాన్న గడపమీద కూర్చుని నన్ను లోపలికి రమ్మన్నాడు, మంచినీళ్లిప్పించాడు, కోపం చూపించలేదు.

"భూమిచ్చినం, నౌకరిచ్చిన్రు" అన్నాడు. "ఇగ నడుం పోతె ఏమిస్తరు సారూ?"

సిగ్గుతో మంచినీళ్లు కూడా తాగలేక వచ్చేశాను.

గోడకు ఆనించిన తెడ్లు

మనిషి తక్కువయ్యాడు గనక ఆ ఏడు పందెం మానుకున్నాం. పోచయ్య పడవని బోర్లించి, తెడ్లని కొక్కేలనుంచి తీసి షెడ్డు గోడకి నిలువుగా ఆనించాడు. వారం తర్వాత తాళంచెవి కోసం వెళ్లినప్పుడు వాటి ముందు నిలబడిపోయాను. రెండు తెడ్లు మిగతా రెండింటికంటే పొడుగు. మూడంగుళాలు. కొత్తవి రెండూ.

పోచయ్యని పిలిచి ఇది నువ్వెప్పుడు చూశావని అడిగాను.

"తెచ్చిన్నాడే సూసిన" అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

"ఎవలడిగిన్రు సారూ? ఎరుకుండే వెట్టిన్రనుకున్న."

సత్యనారాయణగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన జేబులోంచి స్కేలు తీసి చూసుకుని అలాగే కుర్చీలో కూలబడ్డారు. కరిగిన ఉక్కు చల్లారితే కుంచించుకుపోతుంది. అందుకని నమూనా కాస్త పెద్దదిగా చేయాలి. ప్రతిసారీ లెక్కలు కట్టుకోకుండా ఆ షాపువాళ్లకి ప్రత్యేకమైన స్కేలు ఉంటుంది. దాని మీద అడుగు అని రాసి ఉన్నది నిజానికి అడుగూ పావంగుళం. పాత తెడ్డుని ఆయన మామూలు టేపుతో పన్నెండడుగులని కొలిచారు, కొత్తదాన్ని తన జేబులో ఉండే స్కేలుతో పన్నెండడుగులని గీశారు. ఇరవై ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే ఆ స్కేలు తీసింది. పావంగుళం చొప్పున పన్నెండడుగులకి మూడంగుళాలు. పడవకి బిగించే చోటునుంచి పిడి వరకు నేనే పాతదానితో సమానంగా పెట్టించాను. మిగిలిన మూడంగుళాలూ నీళ్లవైపు చేరాయి. అంటే యాదగిరి ప్రతి తోపులోనూ కుడివైపువాళ్లకంటే ఎక్కువ బరువు తోశాడు, పైగా పడవకి అందింది తక్కువ. మద్దెల నిజంగానే ఓడు.

సత్యనారాయణగారు ఆ సాయంత్రమే నిజం ఒప్పుకుంటానన్నారు. పెద్దసారు వద్దన్నారు. జరిగిందేదో జరిగింది, ఇప్పుడు తెడ్డు సంగతి చెబితే ఆ కుర్రాడి నడుం బాగవుతుందా, రెండు షాపుల పరువు పోవడం తప్ప అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. యాదగిరి మందుల ఖర్చు తన చేత్తో ఇచ్చారు. కానీ డబ్బు ఇవ్వగలిగినవాళ్లలో చాలామంది తప్పు ఒప్పుకోలేరు. నేనూ అంతకంటే గొప్పవాణ్ణేం కాదు. నాలుగు రోజులు నోరు మూసుకున్నాను. అయిదో రోజు పోచయ్యచేత రెండు తెడ్లు, ఒక పాతది ఒక కొత్తది, మోయించుకుని పటేల్‌గూడ వెళ్లాను.

వాటిని యాదగిరి పడుకున్న చోటే గోడకి ఆనించాను. ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. రెండింటి కొనలూ చూశాడు. ఆ వారంలో తాలీంఖానావాళ్లెవరూ అతన్ని చూడ్డానికి రాలేదని, లెక్క దిగినవాడని ఉస్తాదు అన్నాడని నాకు అప్పటికి తెలియదు.

"అంటె నా బలం తక్కువ గాదన్నట్టా?" అన్నాడు.

"తక్కువ కాదు. తప్పు నాది. నిన్ను తూచాను, తెడ్డుని కొలవలేదు."

మొహం అటు తిప్పుకున్నాడు. ఏడుస్తున్నాడని తెలిసి నేను బయటికొచ్చి వాళ్ల నాన్న పక్కన గడపమీద కూర్చున్నాను.

తక్కువ అనే మాట

ఆరు నెలలు చేతిలో ఉన్నాయి. అప్పట్లో నడుం పట్టిన మనిషికి ఏం చేయించాలో చెప్పేవాళ్లు మా వైపు లేరు. డాక్టరు మంచం దిగవద్దన్నాడు, ఆ తర్వాత నడవమన్నాడు, అక్కడితో ఆయన పాఠం అయిపోయింది. మిగతాది పోచయ్యని చూసి నేర్చుకున్నాను. ఈసారి అడిగి నేర్చుకున్నాను. పడవని ఎలా జరుపుతావంటే చేతులతో కాదని చూపించాడు. మోకాళ్లు వంచి, నడుం తిన్నగా ఉంచి, కాళ్లతో నేలని వెనక్కి తోస్తాడు. చేతులు పట్టుకోవడానికి మాత్రమే. నలభై ఏళ్లు అలా చేసినవాడికి ఒక్కరోజూ నడుం పట్టలేదు. నేను నాలుగు వారాల్లో అంత మనిషిని విరగ్గొట్టాను.

మొదటి నెల యాదగిరిని చెరువుకట్ట మీద నడిపించాను. రెండో నెల తెడ్డు లేకుండా పడవలో కూర్చోబెట్టి, జారే పీట మీద కాళ్లతో ముందుకీ వెనక్కీ జరిగించాను. మూడో నెల తెడ్డు ఇచ్చాను, నీళ్లమీద తేలిపోయేలా. సత్యనారాయణగారు కొత్త తెడ్లని మూడంగుళాలు కోసి సరిచేసి ఇచ్చారు. ప్రతి ఉదయం ఆయన కూడా షెడ్డుకి వచ్చి ఒక పక్కన నిలబడేవారు. మేష్టారూ, ఇవాళ ఎలా ఉన్నాడండీ అని నన్ను అడిగేవారు గాని అతన్ని అడిగే ధైర్యం చేసేవారు కాదు.

కష్టం అంతా ఒక్కచోటే. నడుం ఎలా ఉందని రోజూ అడిగేవాణ్ణి. మంచిగున్నది సారూ అనేవాడు రోజూ. నొప్పితో చెమటలు పడుతున్నా అదే మాట. తాలీంఖానా అతని నోటికి వేసిన తాళం అది. అబద్ధం చెప్పిన రోజు పడవ దించేది లేదన్నాను. అయినా లాభం లేదు. ఒకరోజు పోచయ్యే వల బాగుచేసుకుంటూ అందుకున్నాడు.

"ఏట్ల పుట్టి నడిపెటోడు నీళ్లు తక్కువుంటె తక్కువున్నయనే అంటడు బిడ్డా. అనకపోతె బండకు తాకుతది. అండ్ల సిగ్గేముంది?"

వారం తర్వాత ఒక ఉదయం యాదగిరి షెడ్డు గుమ్మంలో ఆగి, ఎటో చూస్తూ, "ఇయ్యాల తక్కువనే సారూ" అన్నాడు. అతనికి ఆ మాట నూరు దండీలంత బరువు. వెంటనే ఇంటికి పంపేశాను. ఆ రోజంతా నాకు పండగలా ఉంది.

ఆరో నెల చివర డాక్టరు వంగమన్నాడు, ఎత్తమన్నాడు, చూశాడు. మోకాళ్లు వంచి, నడుం తిన్నగా ఉంచి ఎత్తాడు. సుత్తి పనికి తిరిగి పంపారు.

మరుసటి ఏడు పందేనికి నగరం వెళ్లాం. ఒడ్డున పెద్దసారు, తాలీంఖానావాళ్లు, ఉస్తాదు కూడా ఉన్నారు. పడవ నీళ్లలోకి దించే ముందు నలుగురినీ ఎలా ఉందని అడిగాను. ముగ్గురు బాగుందన్నారు. యాదగిరి ఉస్తాదు వైపు ఒకసారి చూసి, అందరికీ వినబడేలా, "ఇయ్యాల తక్కువ సారూ, నేను కూసోను" అన్నాడు. బదులు మనిషిని ఎక్కించాను. ఆఖరున వచ్చాం. పెద్దసారు నెలరోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఉస్తాదు యాదగిరితో ఆ తర్వాత ఎన్నడూ మాట్లాడలేదు. నా ఉద్యోగంలో నేను గెలిచిన పందెం ఏదని ఎవరైనా అడిగితే అదే చెబుతాను.

ఇప్పటి లెక్క

కొత్తగా వచ్చేవాళ్లకి చెప్పేది ఇంతే. బలం పెంచడం కష్టం కాదు, ఇనుము ఉంటే చాలు. బలం నలభై ఏళ్లు నిలిచేలా చూడ్డం కష్టం. దానికి శిష్యుడు మీకు భయపడకూడదు. ఒకడు తక్కువ చేస్తున్నాడనిపిస్తే ముందు వాడి చేతిలో ఉన్నది కొలవండి. సామెతలు తర్వాత చెప్పొచ్చు. గదిలో అందరికంటే తక్కువ మాట్లాడేవాణ్ణి రోజుకొకసారి పిలిచి అడగండి.

ఆ పడవ ఎప్పుడో పోయింది. అమీన్‌పూర్ చెరువు వైపు వెళ్లి చాలాకాలమైంది. పోచయ్య డెబ్బై దాటాక కూడా పుట్టి నడిపాడు, ఇప్పుడు లేడు. యాదగిరి సుత్తి పనిలోనే రిటైరయ్యాడు. సంగారెడ్డి అవతల ఒక చిన్న చెరువులో ఇద్దరు కూర్చునే పడవ పెట్టుకున్నాం. తెల్లారి ఇద్దరం దాని దగ్గరికి వెళతాం. ముందు అతను, వెనక నేను. గోదావరి జిల్లావాణ్ణి అరవై దాటాక తెడ్డు పట్టడం నేర్చుకున్నాను.

మొన్న ఉదయం నా మోకాలు మడత పడలేదు. బస్సు దిగినప్పటినుంచి కుంటుతూనే ఉన్నాను, పైకి కనబడకుండా దాచుకుంటూ వచ్చాను. అతను పడవ తాడు విప్పుతూ తలెత్తకుండా అడిగాడు.

"ఎట్లున్నది సారూ ఇయ్యాల?"

"బాగానే ఉంది" అన్నాను.

తాడు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కోపం లేదు, తొందరా లేదు. నా మోకాలివైపు చూడను కూడా లేదు.

"తక్కువే యాదగిరీ" అన్నాను.

తాడు తిరిగి గుంజకి కట్టి, వచ్చి నా పక్కన గట్టు మీద కూర్చున్నాడు.